తెర మీద మా అవ్వ మాట

మా అవ్వ సినిమా హాలు గడప తొక్కి నలభై ఏళ్లు కావస్తోంది. మోకాళ్ల నొప్పి కారణం కాదు, భక్తి అసలే కాదు. తెర మీద కనబడ్డ ఒక కోళ్ల దొంగ కారణం.

మా వైపు కన్నతల్లిని అవ్వ అంటాం. కాబట్టి ఇది నాయనమ్మ ముచ్చట అనుకుని ఎవరూ మెత్తబడనక్కర్లేదు. నన్ను కని, కొట్టి పెంచి, ఈనాటికీ నా పప్పుచారు మీద తీర్పులు చెప్పే మనిషి గురించి రాస్తున్నాను.

అప్పుడు మేము బోధన్‌లో ఉండేవాళ్లం. బాపు, అంటే మా నాన్న, చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చెరుకు ఆడే కాలం వచ్చిందంటే ఊరంతా పాకం వాసన. దండెం మీది బట్టలకు అదే, తాగే నీళ్లకు అదే, చివరికి సినిమా హాలుకూ అదే. తెర మీద ఎవరు ఏడ్చినా మాకు బెల్లమే గుర్తొచ్చేది. ఆ ఆదివారం అవ్వ నన్ను మ్యాట్నీకి తీసుకుపోయింది. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. ఆడవాళ్ల వైపు బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నాం.

తెర మీద అందరూ పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడుతున్నారు. కథానాయకుడు, జడ్జి, డాక్టరు, అందరిదీ అదే వరస. మంచం మీద దగ్గుతున్న తల్లి కూడా ప్రాణం పోయేదాకా ఒక్క మాట వంకర పోనివ్వలేదు. అప్పుడొచ్చాడు కోళ్ల దొంగ. చంకలో కోడి, నోట్లో మా భాష. వాడు నోరు తెరిచాడో లేదో, హాలు విరగబడి నవ్వింది. నవ్వినవాళ్లు ఎక్కడివాళ్లో కాదు. ఆట అయ్యాక ఇంటికి పోయి అదే భాషలో కూర అడిగే జనమే. నేనూ నవ్వాను.

అవ్వ నా వైపు తిరిగింది. "ఎందుకే నవ్వుతున్నవ్?"

"వాడు మాట్లాడుతుంటె నవ్వొస్తున్నదవ్వా."

"వాడు నా లెక్కనే మాట్లాడుతున్నడు గద. మరి ఇంట్ల నన్ను జూసి ఎందుకు నవ్వుతలేవ్?"

ఈలోగా కథానాయకుడు వచ్చి దొంగను చితకబాదాడు, హాలు చప్పట్లు కొట్టింది, అవ్వ లేచి నిలబడింది. వెనక బెంచీ ఆమె "కూసో అక్కా, కనవడ్తలేదు" అని అరిచినా వినకుండా నా రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. గేటు దగ్గర టికెట్లు చింపే ఆయన ఆపాడు.

"ఇంటర్వెల్ గూడ కాలేదు గదమ్మా?"

"నీ ఇంటర్వెల్ల మన్నువడ. సినిమల తల్లి నా లెక్క మాట్లాడిన్నాడు వస్త. అప్పటిదాంక మీ సినిమ మీరే సూసుకోండ్రి."

ఆయన నవ్వాడు. అవ్వ నవ్వలేదు, మళ్లీ పోలేదు. ఆ కోళ్ల దొంగ చివరికి మారాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

సినిమా అంటే ఆ కాలపు అద్దం అని చదువుకున్నవాళ్లు చెబుతుంటారు. నేనూ చదువుకున్నదాన్నే. ఆ అద్దంలో చూస్తే మా జిల్లా జిల్లా అంతా కోళ్ల దొంగలు, పాన్ నమిలే రౌడీలు, గిన్నెలు తోమే ఆడవాళ్లే కనిపించాలి. మావైపు ఒక్క డాక్టరూ పుట్టనట్టు, ఒక్క తల్లీ దగ్గనట్టు.

కానీ కోపం అవ్వకే వచ్చింది, నాకు రాలేదు. నాకు వచ్చింది ఆశ. తెర మీద మర్యాదగా బతకాలంటే వాళ్లలా మాట్లాడాలి కదా, నేర్చుకుంటే పోలా అనుకున్నాను.

నేర్పే మనిషి డిగ్రీ కాలేజీ రోజుల్లో దొరికింది. నిజాంసాగర్ కాలువ కింద భూములు చేసుకోవడానికి వెనకటి తరంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఊళ్లను మా వైపు క్యాంపులంటాం. అలాంటి ఒక క్యాంపు పిల్ల, రోజూ సైకిల్ మీద బోధన్ బస్టాండుకు వచ్చి, నాతోపాటే నిజామాబాద్ బస్సు ఎక్కేది. ఇంట్లో వాళ్లది గోదావరి మాట. సంతలో ఆమె నోరు విప్పితే ఎవరూ బేరానికి దిగేవాళ్లు కాదు. ఒకసారి వంకాయలమ్మే ఆమె ఈ తెలుగు విని, ఈమె తెలుగు మనిషే కాదని, సరిహద్దు దాటి వచ్చిందని తేల్చుకుని, మరాఠీలో జవాబు చెప్పింది. నా దోస్తు ఆ రోజు బస్సులో ఏడ్చింది.

"నాకు మీ మాట నేర్పవే" అంది.

"నాకు మీది నేర్పు" అన్నాను.

ఒప్పందం కుదిరింది. పొద్దున పోయేటప్పుడు ఆమె భాష, సాయంత్రం వచ్చేటప్పుడు నా భాష. మూడేళ్లు. కండక్టర్ మా ఇద్దరినీ చూసి పరేషాన్ అయ్యేవాడు. పొద్దున ఇద్దరూ అండీ అండీ అంటూ టికెట్ తీసుకునేవాళ్లం, సాయంత్రం ఇద్దరూ చిల్లర కోసం ఆయన మీద పడేవాళ్లం.

నేను గురువుగా కఠినం. ఆమె పుస్తకం లాక్కుని, "ఇప్పుడేమంటవ్?" అని అడిగేదాన్ని.

"నా పుస్తకం నాకు ఇచ్చెయ్యవే."

"థూ. గట్ల బతిమిలాడితె ఎవ్వరియ్యరు. 'ఇస్తవా సస్తవా' అనాలె."

"ఇస్తవా... చస్తవా."

"సస్తవా! కోపం రావాలె. ఎవడో నీ చెరుకు ఇరుసుకపోయిండు అనుకో."

మూడో ఏడు వచ్చేసరికి ఆమెకు ఎంత బాగా కోపం వచ్చేదంటే, ముందు సీటు వాళ్లు లేచి వెనక్కి పోయేవాళ్లు.

నేను కూడా మంచి శిష్యురాలినే. డిగ్రీ అయిన రెండేళ్లకు నిజామాబాద్‌లో ఒక లోకల్ కేబుల్ ఛానల్ వాళ్లకు యాంకర్ కావాల్సి వచ్చింది. ఒక దుకాణం మీది గది, వెనక జలపాతం బొమ్మ ఉన్న పరదా, ముందు ప్లాస్టిక్ పూలు. పుట్టినరోజు శుభాకాంక్షలు చదవాలి, ఫోన్ చేసినవాళ్లు అడిగిన పాట వేయాలి. ఇంటర్వ్యూలో నేను మాట్లాడింది విని, "మీది విజయవాడా అండీ?" అని అడిగారు. ఆ రోజు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ కాలం మొత్తం ఆ ఫోన్లలో వినబడేది. ఊళ్లో ఎంత గట్టిగా మాట్లాడేవాళ్లయినా, టీవీకి ఫోన్ చేస్తే మాత్రం గొంతు సన్నబడేది. "హలో, నేను మాక్లూర్ నుంచి మాట్లాడుతున్నానండీ. మీ ప్రోగ్రాం రోజూ చూస్తామండీ." ఆ వెంటనే రిసీవర్ పక్కకు జరిపి, "అర్రె, టీవీ సప్పుడు తగ్గియ్యుండ్రి, ఏం మనుషులయా మీరు!" మళ్లీ ఫోన్లోకి వచ్చి, "సారీ అండీ." జిల్లా అంతా రెండు గొంతులతో బతుకుతున్న రోజులవి. నేను ఆ రెండో గొంతుకు మహారాణిని.

ఆ ఏడు దసరాకు ఛానల్ వాళ్లు 'యాంకర్ ఇంట్లో పండుగ' అని కెమెరా పట్టుకుని మా ఇంటికే వచ్చారు. అవ్వ తలంటుకుని, తన ముదురాకుపచ్చ నేత చీర కట్టుకుని, చెప్పాల్సిన మాటలన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంది. కెమెరా ఆన్ అయ్యేముందు నేను ఆమె చెవి దగ్గర వంగి అన్నాను.

"అవ్వా, నువ్వు మాట్లాడకు. ఊకె నవ్వు."

అవ్వ నన్ను ఒకసారి చూసింది. తర్వాత ఇరవై నిమిషాల పాటు నవ్వింది. నేను పిండివంటల గురించి చెబుతుంటే నవ్వింది, జమ్మి గురించి చెబుతుంటే నవ్వింది. కెమెరా వేపచెట్టు మీదికి పోయి తిరిగొచ్చేసరికి కూడా అదే నవ్వు, అక్కడే ఉంది. మరుసటి రోజు తెల్లారేసరికి వాడకట్టు ఆడవాళ్లు వాకిట్లో ఉన్నారు.

"ఏం బిడ్డా, మీ అవ్వకు మాటలు వడిపోయినయట గద? ఎప్పటి సంది?"

ఒకామె ఏదో ఆకుపసరు కూడా పట్టుకొచ్చింది. అవ్వ కాదనకుండా తాగింది. నాతో ఆ సంగతి ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. మా అవ్వ మరచిపోయే రకం కాదు. అనలేదంటే దాచుకుందన్నమాట.

ఏడాదికి ఛానల్ మూతపడింది, నాకు పెళ్లయింది, నిజామాబాద్‌లో కాపురం పెట్టాను. భాష తిరిగి ఇంటికొచ్చింది. కూరగాయల బండి దగ్గరా, ఆటోవాళ్లతోనూ, మా ఆయనతోనూ నేను మాట్లాడేది మా అవ్వ మాటే. జగడానికి దాన్ని మించింది లేదు.

ఈలోగా అద్దం కూడా మారింది. ఇప్పుడు సినిమాల్లో కథానాయకులే మా మాట మాట్లాడుతున్నారు. పట్నంలో పుట్టినవాళ్లు ఇది నేర్చుకోవడానికి మాస్టర్లను పెట్టుకుంటున్నారని విన్నాను. బస్సులో మేము ఉత్తగా నేర్చుకున్నాం. ఫోన్ తెరిస్తే పల్లెటూరి కామెడీ వీడియోలు, అత్తాకోడళ్ల కొట్లాటలు, పొలం గట్ల మీద పాటలు, అన్నీ మా యాసే. కోళ్ల దొంగ మొత్తానికి సర్పంచ్ అయ్యాడు.

మా దగ్గరి పెళ్లిళ్లకు వీడియోలు తీసే ఒకాయన కూడా యూట్యూబ్‌లో ఇలాంటి చిన్న సినిమాలు తీయడం మొదలుపెట్టాడు. కొత్త సినిమాకు ఒక తల్లి కావాలని తెలిసింది. కథ ఏమంటే, ఒక తల్లి ఏదో కార్డు కోసం ఆఫీసుకు పోతుంది. అక్కడి ఆఫీసర్ మేడమ్ ఈమె మాట విని వెక్కిరిస్తుంది. తల్లి తిరగబడి నాలుగు చీవాట్లు పెడుతుంది. విన్న మరుక్షణం నేను ఆయన స్టూడియోకు పోయాను.

"తల్లి వేషం నాది" అన్నాను.

"మేడమ్, జెర ఊరి మనిషి లెక్క ఉండాలె."

"నేను పట్నంల పుట్టిన్నా? బోధన్‌ల పుట్టిన. ఫ్యాక్టరీ సైరన్ ఇని పెరిగిన. ఇంకేం గావాలె నీకు, ఆధార్ కార్డు జూపియ్యాల్నా?"

ఆయన రెండు చేతులూ ఎత్తేశాడు. అది ఒప్పుకోవడమో, తప్పించుకోవడమో నేను పట్టించుకోలేదు.

మా ఆయన మాత్రం, "ఇన్నేండ్లు నేనొక్కన్నే సూస్తున్న. ఇగ లోకమంత సూస్తది, మంచిదే" అన్నాడు.

అసలు సంగతి అవ్వ. బాపు పోయినప్పటి నుంచి అవ్వ మా దగ్గరే ఉంటోంది. పోయి ఆమె ముందు కూర్చుని చెప్పాను. "అవ్వా, సినిమల తల్లి నీ లెక్క మాట్లాడిన్నాడు సూస్త అన్నవ్ గద. నేనే జేస్తున్న, తల్లి వేషం. మన మాటల్ల."

అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వా? ఆ కెమెరా ముంగట అండి అండి అనుకుంట ఊగుతుంటివి."

"గది అప్పుడు. గిది మనది."

అవ్వ లేచి, పెట్టె తెరిచి, ఆ ముదురాకుపచ్చ నేత చీర తీసి నా ఒళ్లో పెట్టింది. "గిది కట్టుకో. తప్పు మాట్లాడినవంటె సూడ, జెప్తున్న."

షూటింగ్ మోస్రా అనే ఊళ్లో. అక్కడ ఒక ఫంక్షన్ హాలు గదిలో రెండు బల్లలు, ఒక కంప్యూటర్ పెట్టి ఆఫీసు చేశారు. నా బస్సు దోస్తు ఇప్పుడు మోస్రా దగ్గరి క్యాంపులోనే కాపురం ఉంటోంది. ధైర్యం కోసం ఆమెను రమ్మన్నాను. టిఫిన్ క్యారియర్ పట్టుకుని వచ్చి, మూలన కుర్చీలో కూర్చుని, సీరియల్ చూసినట్టు చూడటం మొదలుపెట్టింది.

అవ్వ చీర కట్టుకుని నేను బల్ల ముందు నిలబడ్డాను. వారం రోజులు అద్దం ముందు చెప్పిన మాటలే. లైటు వేశారు. కెమెరా మీద ఎర్ర చుక్క వెలిగింది. నేను నోరు తెరిచాను.

"నమస్కారమండీ. నా కార్డు సంగతి కొంచెం చూస్తారా?"

గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు అర్థమైంది. నోరు నాది కాదు, జలపాతం పరదా ముందు కూర్చున్న ఆ పిల్లది.

"మేడమ్, పల్లెటూరి మనిషి మేడమ్" అన్నాడు డైరెక్టర్.

రెండోసారి మొదలుపెట్టాను. 'అండీ' రాలేదు కానీ, ప్రతి మాటా ఇస్త్రీ చేసినట్టు వచ్చింది. మూడోసారి వార్తలు చదివినట్టు వచ్చింది. ఏడోసారికి లైటు పట్టుకున్న ఆయన చెయ్యి మార్చుకున్నాడు.

"మేడమ్, మీకు మన యాస వస్తలేదు" అన్నాడు డైరెక్టర్, ఎంతో మర్యాదగా.

నాకు నషాళానికి ఎక్కింది. "ఏంది? నాకు యాస వస్తలేదా? ఏం మాట్లాడుతున్నవయా నువ్వు? నీ పెండ్లి వీడియోలల్ల బఫే కాడ మందిని తినుకుంట తీసుడు గాదు సినిమ అంటె! నువ్వు పుట్టకముందు సంది నేను గీ మాటనే మాట్లాడుతున్న, నాకు నేర్పిస్తవా..."

ఆయన కళ్లు వెలిగాయి. నన్ను ఆపకుండా, పక్కనున్న కెమెరా మనిషికి మెల్లగా చేయి ఊపాడు. ఎర్ర చుక్క వెలిగింది. నేను దాన్ని చూశాను.

"...మీరు ఈ విధంగా అనడం సమంజసం కాదండీ" అని ముగించాను.

మూలన టిఫిన్ క్యారియర్ మూత కింద పడింది. నా దోస్తు కడుపు పట్టుకుని నవ్వుతోంది. లైటు పట్టుకున్న ఆయన కూడా పకపక నవ్వేసరికి ఆమె ఆయన మీదికి లేచింది.

"నువ్వెందుకు నవ్వుతున్నవ్ రా? లైటు వట్కొమ్మంటె పండ్లు జూపిస్తున్నవ్! ఆమె ఒక్క మాట అంటె ఊరు ఇడిసి ఉరుకుతవ్, ఏమనుకుంటున్నవో! నవ్వితె నేను నవ్వాలె, నువ్వెవనివి?"

డైరెక్టర్ మెల్లగా ఆమె దగ్గరికి నడిచాడు.

"అక్కా, మీదేవూరు?"

నన్ను మేడమ్ అన్నాడు, ఆమెను అక్కా అన్నాడు. నా పని అక్కడే ఖతమైంది.

"గీ పక్క క్యాంపే" అంది. అప్పుడే ఆమె ఫోన్ మోగింది. "ఆఁ, వచ్చేస్తున్నానండీ. కుక్కర్ మీరు పెట్టకండి, మాడ్చేస్తారు" అని చెప్పి పెట్టేసింది. డైరెక్టర్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఈమె ఇంట్లో ఒక మాట, బజార్లో ఒక మాట చీరలా మార్చి కట్టే మనిషి. రెండూ ఉతికి మడతపెట్టి ఉంటాయి. నాకేమో లైటు పడితే ఏది కట్టానో నాకే తెలియదు.

ఆయన అడిగాడు, ఆమె ఒప్పుకోలేదు. "గది దాని వేషం. దాని అవ్వ కోసం జేస్తున్నది. నాకెందుకు?" అని నా వైపు చూసింది.

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, రెండూ కలిసి వాదన అయ్యాయి. "తెలంగాణ తల్లి వేషం క్యాంపు ఆమెకా? ఇదెక్కడి న్యాయం?" అన్నాను.

"అయితే నాకు నేర్పిందెవరు?" అంది తన ఇంటి మాటలో, నెమ్మదిగా. "వంకాయల ఆవిడా? నువ్వే కదే. నేను మాట్లాడేది మీ అమ్మ మాటే. మీ ఇంట్లో కూర్చుని విన్నదే."

ఇంతకాలం వాదించి నేను ఓడిపోయిన సందర్భాలు తక్కువ. ఇది ఒకటి. పక్క గదికి పోయి చీర విప్పి ఆమెకిచ్చాను. "కరాబ్ జేస్తె అవ్వ సంపుతది, నన్ను గాదు నిన్ను" అని చెప్పాను. ఆమె కట్టుకుని బయటికొస్తే ఒక్క క్షణం అవ్వే వచ్చిందనుకున్నాను.

నాకేం మిగిలింది? ఆఫీసర్ మేడమ్. "మీ భాష దానికి పక్కాగ సరిపోతది మేడమ్" అన్నాడు డైరెక్టర్. ఆయన పొగిడాడో తిట్టాడో తేల్చుకోకుండానే బల్ల వెనక కూర్చున్నాను.

సీన్లో నేను తల్లిని వెక్కిరించాలి, కార్డు కోసం ఆమె ఫోటో తీయాలి. నా దోస్తు వచ్చి నిలబడి మా ఊరి మాటలో గడగడా మొదలుపెట్టింది. నా మాట కాగితం మీద ఏదో ఉంది. కానీ ఆ చీర నా ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే, కెమెరా మీద ఎర్ర చుక్క వెలుగుతుంటే, నా నోట్లోంచి కాగితం మీద లేనిది వచ్చింది.

"మీరు మాట్లాడకండి. ఊరికే నవ్వండి."

నా దోస్తు ఆగిపోయింది. పసరు సంగతి ఆమెకు తెలుసు, అన్నీ ఆమెకు చెప్పుకున్నదాన్నే. ఒక్క క్షణం నా కళ్లలోకి చూసింది. తర్వాత ఆమె కూడా కాగితం వదిలేసింది.

"ఎందుకు నవ్వాలె? నాకు మాటలు వడిపోయినయా? గీ నోటితోనే నిన్ను సాకిన, గీ నోటితోనే నీకు జోల వాడిన. ఇయ్యాల నీ డబ్బల నా మొఖం గావాలె, నా మాట వద్దా? ముందుగాల మాట రాసుకో. మొఖం తర్వాత."

కథలో ఆ ఆఫీసర్‌ను సాకింది ఈ తల్లి కాదు. ఎవరూ అడగలేదు. డైరెక్టర్ కట్ చెప్పడం మరచిపోయాడు.

వీడియో వచ్చాక కింద కామెంట్లు చూసి నాకు బీపీ పెరిగింది. దోస్తుకు: "అవ్వా, నువ్వు అచ్చం మా అవ్వ లెక్కనే ఉన్నవ్." నాకు: "ఆ మేడమ్‌ను వచ్చిన బస్సుకే ఎక్కించి పంపుండ్రి." ఊరుకుంటానా? "నేను పుట్టింది బోధన్‌లో, మీరు నిజానిజాలు తెలుసుకొని మాట్లాడితే మంచిది" అని రాశాను. దాని కింద ఇంకొకాయన: "చూసిన్రా, రాసుడు గూడ అట్లనే ఉన్నది." మా ఆయన ఆ కామెంటును లైక్ చేసినట్టు తర్వాత తెలిసింది.

డైరెక్టర్‌కు ఫోన్ చేసి పోట్లాడాను. "కోళ్ల దొంగను దింపి ఆఫీసర్ మేడమ్‌ను ఎక్కిచ్చినవ్. నవ్వనీకి ఎప్పుడు ఎవరిదో ఒకరి నోరు గావాల్నా?"

"వ్యూస్ మంచిగున్నయి మేడమ్" అన్నాడు.

నా దోస్తు మాత్రం ఇంకో సంగతి చెప్పింది. పుట్టింటి క్యాంపులో అందరి మధ్య కూర్చోబెట్టి వాళ్ల నాన్నకు చూపించిందట. ఎనభై దాటిన మనిషి. కూతుర్ని చూసి మురుస్తాడనుకుంటే, "ఆ ఆఫీసరమ్మ మన మాట మాట్లాడుతోంది, పాపం. అందరూ ఎందుకు నవ్వుతున్నారే?" అని అడిగాడట. నేను ఆ పూటే కామెంట్ల కింద పోట్లాట మానేశాను, నన్నెరిగినవాళ్లకు ఇది మామూలు విషయం కాదని తెలుసు.

ఇక అవ్వ. రెండు రోజులు తప్పించుకు తిరిగాను. మూడో రోజు ఆమే పిలిచింది. "ఏదే నీ సినిమ? తెమ్ము."

"నేను తల్లిని జెయ్యలేదవ్వా."

"ఎవలు జేసిన్రో సూస్త. తల్లి మాట్లాడిందా లేదా?"

కళ్లజోడు పెట్టుకుంది. ఫోన్ను గ్లాసుకు ఆనించి పెట్టాను. తన చీరలో దోస్తు కనబడగానే, "బస్సు పోరి!" అంది. ఆమె మాట్లాడుతుంటే అవ్వ పెదవులు కూడా కదులుతున్నాయి. తర్వాత నేను వచ్చాను. "మీరు మాట్లాడకండి. ఊరికే నవ్వండి."

అవ్వ పెదవులు ఆగిపోయాయి. దోస్తు జవాబు మొత్తం కదలకుండా విన్నది. అయిపోయాక, "మల్ల వెట్టు" అంది. పెట్టాను. మళ్లీ పెట్టాను. నాలుగోసారి అయ్యాక కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"దాన్ని జూస్తె ముద్దొచ్చింది. నిన్ను జూస్తె కొట్టబుద్దయ్యింది."

"అవ్వా..."

"మంచిగ జేసినవ్. నువ్వు గూడ." కళ్లజోడు మళ్లీ పెట్టుకుంటూ, "యాక్టింగ్ ఏం గాదు గని" అంది.

నేను తల వంచుకున్నాను. అప్పుడే డైరెక్టర్ ఫోన్ చేశాడు. చీర ఎవరిదో తెలిసిందట, ఆ అసలు అవ్వతో ఒక నిమిషం వీడియో కావాలట, జనం అడుగుతున్నారట. అవ్వకు చెప్పాను. అవ్వ లేచి పోయి ముఖం కడుక్కుని, దువ్వుకుని వచ్చి, కుర్చీ వాకిట్లోకి జరుపుకుని కూర్చుంది. నేను ఫోన్ ఎత్తి పట్టుకున్నాను. తెర మీద ఎర్ర చుక్క వెలిగింది.

అవ్వ చుక్కను చూడలేదు, నన్ను చూసింది.

"ఇప్పుడు మాట్లాడాల్నా, ఊకె నవ్వాల్నా?"

"మాట్లాడవ్వా" అన్నాను.

మాట్లాడింది. కోళ్ల దొంగతో మొదలుపెట్టింది. టికెట్లు చింపే ఆయన, బాపు, ఫ్యాక్టరీ, ఆకుపసరు ఎంత చేదుగా ఉండిందో, ఆ పసరు తెచ్చినామె ఇంటి గుట్టు, నా పప్పుచారు. మధ్యలో ఫోన్ నిండిపోతే, మా ఆయన ఫోన్ తెచ్చి పట్టుకున్నాను. మొత్తం యాభై నిమిషాలు.

దాన్ని ఒక్క నిమిషానికి కత్తిరించాలని డైరెక్టర్ అంటున్నాడు. నేను ఒక్క మాట కూడా తీయనివ్వనన్నాను. జగడం ఇంకా నడుస్తోంది. మా ఆయన మాత్రం ఆ పప్పుచారు ముక్క ఒక్కటీ ఉంచితే చాలంటున్నాడు.